నేను రాయని పోస్టులు

ఆ మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి నా బ్లాగులో నేను రాయని పోస్టు ఒకటి ఉంది. అందులో నేను నిద్రపోతున్నాను.

"తను నిద్రపోతోంది. ఫ్యాను కిర్రుమంటోంది. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా ఈల వస్తోంది. తలుపు ఇక్కడే. ఇక్కడ ఆగాలి."

అంతే. ముందూ వెనకా ఏమీ లేదు. నేను లేవడానికి కాస్త ముందే పెట్టినట్టు చూపిస్తోంది. తల ఎత్తి చూశాను. ఫ్యాను కిర్రుమంటూనే తిరుగుతోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. దాని అవతల నడవాలో ఎవరూ లేరు.

నా బ్లాగు పేరు "ఖాళీ పీరియడ్". కాలేజీలో లెక్చరర్ రానప్పుడు మొదలుపెట్టాను, తర్వాత లెక్చరర్ వచ్చినా మానలేదు. ఏది తోస్తే అది రాసేదాన్ని. క్యాంటీన్ టీ గురించి, లైబ్రరీలో నిద్రపోయేవాళ్ళ రకాల గురించి, ఇంటర్నెట్ గురించి. "దిండు మార్చాలి అని అమ్మతో అన్నాను. సాయంత్రానికి ఫోను నిండా దిండ్ల ప్రకటనలే. మా ఇంట్లో నా మాట శ్రద్ధగా వినేది ఫోనొక్కటే" అని రాస్తే అందరూ తెగ నవ్వారు. అందరూ అంటే ఎంతమందో అనుకోకండి. నా పాఠకులందరూ ఒక్క బస్సులో పడతారు, ఎవరూ నిలబడక్కర్లేకుండా.

బస్సు పోలిక ఊరికే రాలేదు. మా నాన్న బస్సు డ్రైవరు. ఆయన బండిలోనే కాలేజీకి వెళ్ళేదాన్ని. "ప్రపంచంలో నేను భయం లేకుండా నిద్రపోయే చోటు ఒక్కటే, మా నాన్న నడిపే బస్సులో మూడో కిటికీ సీటు" అని కూడా ఒకసారి రాశాను. ఆయన ఎలాగూ చదవడు కదా అన్న ధైర్యంతో.

ఇప్పుడు ఈ పోస్టు కింద అప్పుడే కామెంట్లు మొదలయ్యాయి. "వామ్మో, రూటు మార్చావా? రెండో భాగం ఎప్పుడు?" అని ఒకరు. "నీ రాతలన్నీ చదివి ఏ యంత్రమో నీలా రాయడం నేర్చేసుకుందేమో చూసుకో" అని ఇంకొకరు.

యంత్రానికి నా ముక్కులో ఈల సంగతి ఎలా తెలుస్తుంది? ఆ మాటకొస్తే నాకే తెలియదు. హాల్లో కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మని అడిగాను.

"నిద్రలో నా ముక్కులోంచి చప్పుడొస్తుందా?"

అమ్మ పాదం ఆపకుండానే అంది. "పుట్టినప్పట్నుంచీ అంతేగా. ఇంట్లో కుక్కరు కొనక్కర్లేదు అనేవాడు మీ నాన్న."

ఈల నిజం. ఫ్యాను నిజం. తలుపు నిజం.

పోస్టు తీసేశాను. పాస్‌వర్డ్ మార్చేశాను. అది పరీక్షలైపోయి కాలేజీకి సెలవులిచ్చిన మొదటి వారం. ఆ ఎండాకాలం ముగిసేసరికి మా ఇంట్లో ఏ కుర్చీని పడితే ఆ కుర్చీని జరిపే హక్కు ఎవరికీ లేకుండా పోయింది. కానీ అప్పటికి నాకు తెలిసిందల్లా, ఎవరో మా ఇంట్లోకి వచ్చి నా గుమ్మం దగ్గర నిలబడి నా ఊపిరి విన్నారన్నదే.

* * *

రెండోది వారం తిరగకుండా వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక కూడా.

"మిషను ఆగింది. బల్ల అంచు తగిలింది. దారం పెట్టె కుడి చేతికి అందుతుంది. కత్తెర మాత్రం ఎక్కడ పెడుతుందో అంతుబట్టడం లేదు. తెలుసుకోవాలి."

ఈసారి అమ్మకి చూపించక తప్పలేదు. చదివి, గభాలున లేచి, బల్ల మీదున్న పెద్ద కత్తెర తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అమ్మ ఇంట్లోనే కిటికీ పరదాలూ బడిపిల్లల యూనిఫారాలూ కుడుతుంది. ఆ కత్తెర లేకపోతే ఆవిడకి చెయ్యి లేనట్టే. అలాంటిది తాళం వేసింది.

"ఎవరే వీడు?"

"తెలిస్తే నీకెందుకు చూపిస్తాను?"

"ఎవరితోనైనా గొడవ పడ్డావా? ఎవడైనా వెంటపడుతున్నాడా? నిజం చెప్పు, తిట్టను."

"తిట్టనని నువ్వన్నప్పుడే నాకు భయం. లేదమ్మా, ఎవరూ లేరు. నాన్నకి చెబుదాం."

"వద్దు." అమ్మ గొంతు తగ్గించింది, నాన్న ఇంట్లో లేకపోయినా. "ఆయన బస్సు నడిపే మనిషి. బుర్రలో ఇది పెట్టుకుని స్టీరింగు పట్టుకుంటే, వెనక బస్సు నిండా జనం ఉంటారు. సెలవులు అయిపోయేలోపు మనమే తేల్చుకుందాం."

అదీ మా ఒప్పందం. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో ఆ మాటని.

నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, ఎప్పట్లా నేరుగా స్నానానికి వెళ్ళబోయి, దారిలో స్టూలుకి మోకాలు కొట్టుకున్నాడు.

"ఈ స్టూలు ఎవరు జరిపారు?"

"నేనే," అంది అమ్మ. "వెలుతురు చాలక కిటికీ దగ్గరికి లాక్కున్నాను."

"ఎక్కడి వస్తువు అక్కడ ఉండాలి ఇంట్లో!"

మా నాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ట్రాఫిక్‌లో కూడా హారన్ కొట్టడం బద్ధకమని వెక్కిరిస్తారు ఆయన్ని. అలాంటి మనిషి స్టూలు మీద అరుస్తుంటే నాకు నవ్వొచ్చింది.

"స్టూలుతో గొడవేంటి నాన్నా?"

"అది కదలకుండా ఉంటే నాకేం గొడవ లేదు," అని, దాన్ని ఎత్తి పాత చోటే పెట్టి, చేత్తో గోడకీ దానికీ మధ్య జానెడు కొలిచి చూసుకుని వెళ్ళాడు. అలసిపోయాడనుకున్నాను. ఆ రోజుల్లో పేపరు కూడా నాచేతే చదివించుకునేవాడు. కళ్ళజోడు ఎక్కడో పెట్టానని వంక. వినిపించే ఓపిక నాకుండేది కాదు, హెడ్డింగులు చదివి సరిపెట్టేదాన్ని.

మూడోది అమ్మా నేనూ బజారుకి వెళ్ళొచ్చిన రోజు వచ్చింది.

"ఇద్దరూ బయటికి వెళ్ళారు. ఇల్లంతా నాది. ఈ రోజు దేనికీ తగలకుండా చివరిదాకా వెళ్ళాను. ఇంకొంచెం అలవాటైతే ఎవరికీ తెలియదు."

సంచులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. అమ్మ నా భుజం మీదుగా చదివి మెల్లగా అంది, "మనం వెళ్ళేటప్పుడు వీధి తలుపుకి తాళం నేనే వేశానే."

"నాన్న లోపలే ఉన్నాడుగా. ఇవాళ ఆఫ్."

"ఆయన పడుకుని ఉంటాడు. పైగా ఏనుగు నడిచినా లేవడు." అమ్మ పైకప్పు వైపు చూసింది. "ఇంకో దారుంది."

* * *

మా ఇంట్లో పైవాడు అంటే దేవుడు కాదు. మేడమీద గదిలో అద్దెకుండే కుర్రాడు. కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పని. వాడు మెట్లు దిగితే ఇల్లంతా ధనధనమని మోగేది. ఆ మెట్లు పెరట్లోకి దిగుతాయి. పెరటి తలుపుకి గొళ్ళెం తప్ప తాళం లేదు.

అమ్మ అనుమానం అతని మీదేనని అప్పటికి తట్టక, నేను సాయానికి వెళ్ళింది అతని దగ్గరికే. మెట్ల మీద కూర్చుని నా ఫోను తీసుకుని చూశాడు.

"పాస్‌వర్డ్ మార్చాను అన్నా. అయినా వస్తున్నాయి."

"పాస్‌వర్డ్ మార్చడమంటే వీధి తలుపుకి కొత్త తాళం వేయడం లాంటిది. ముందే లోపలున్నవాణ్ణి అదేం చేస్తుంది?"

"లోపలున్నవాడా?"

"అంటే మనిషి కాదులే. ఎక్కడో ఒక ఫోనులోనో కంప్యూటరులోనో నీ బ్లాగు నీ పేరుతో ఇదివరకే తెరిచి ఉంటుంది. మూసే దాకా అది తెరిచే ఉంటుంది." వేలితో తెర పైకీ కిందకీ తోశాడు. తర్వాత ఆగాడు. "ఇదేంటి, ఈ పోస్టు మీ వైఫై మీంచే వెళ్ళిందే."

"మా వైఫైయా?"

"ఇదిగో చూడు. మీ ఇంట్లోంచే." చెప్పేశాక, తానేం చెప్పాడో తనకే తట్టినట్టు మొహం పెట్టాడు. "వైఫై వాడేది ఎవరెవరు? నువ్వు, మీ అమ్మగారు. మీ నాన్నగారికి ఫోనంటే ఎత్తడం, పెట్టడమే కదా. ఇక..."

"ఇక నువ్వు," అన్నాను.

"ఇక నేను," అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "కావాలంటే అన్నిచోట్లా ఒకేసారి మూసేస్తాను. రెండు నిమిషాల పని. కానీ అప్పుడు ఎవరో ఎప్పటికీ తెలియదు."

"తెలియాలి," అన్నాను. "ఉండనీ."

అతనే దొంగ అయితే, నన్ను అడక్కుండానే అన్నిచోట్లా మూసేసి చెయ్యి కడుక్కునేవాడు. ఈ మాట అమ్మకి చెప్పి చూశాను. అమ్మ వినలేదు. "వాడి నోటితో వాడే చెప్పాడుగా మన ఇంట్లోంచేనని!" అంది. మర్నాడు వాడు పనికి బయల్దేరుతుంటే మెట్ల కింద నిలబడింది.

"మా చుట్టాలొస్తున్నారు బాబూ. గది కావాలి. ఈ వారంలోనే."

వాడు అమ్మని చూశాడు, వెనకున్న నన్ను చూశాడు. "నేను కాదు ఆంటీ."

"ఏది కాదు? నేనేమీ అనలేదుగా."

"అదే. నేను కాదు."

రెండు రోజుల్లో ఖాళీ చేశాడు. పాత మానిటరు ఒకటి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గేటు దాటాడు, వెనక్కి చూడకుండా. నాన్నకి మాత్రం వాడికి వేరేచోట గది దొరికిందని చెప్పాం.

"మంచి కుర్రాడే," అన్నాడు నాన్న అన్నం కలుపుకుంటూ. "మెట్ల మీద వాడి చప్పుడు అలవాటైపోయింది. ఇప్పుడు పెరటి తలుపు ఎటుందో కూడా గుర్తుండేలా లేదు."

"చప్పుడుకీ తలుపుకీ ఏంటి సంబంధం?" అంది అమ్మ.

"ఏదోలే," అన్నాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ చాలా రోజుల తర్వాత కత్తెర బయటికి తీసింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, బతికిపోయాం అనుకుంటూ టీ తాగుతున్నాం. నా ఫోను టింగుమంది.

"పైన ఎవరూ లేరు. అడుగుల చప్పుడు లేక మెట్లు ఎటున్నాయో తెలియడం లేదు. మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి."

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఎంత జాగ్రత్తగా పెట్టిందంటే, చప్పుడు కాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లోపలి గదిలో నాన్న దగ్గాడు. కుళాయి బొట్టు పడుతోంది. అంతకుముందు ఎన్నడూ వినని చప్పుళ్ళు అన్నీ వినబడ్డాయి మా ఇంట్లో. ఎవరో వింటున్నారని తెలిస్తే మనమూ వినడం మొదలుపెడతాం.

"పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపో," అంది అమ్మ చివరికి. "కాలేజీ కూడా అక్కడికే మార్పిద్దాం. ఆఖరి ఏడాదేగా. ఎక్కడ చదివితే ఏముంది?"

"నేను వెళితే నువ్వొక్కదానివే ఉంటావు, వాడితో."

"నా గురించి రాయడం లేదుగా వాడు."

"కత్తెర నాది కాదమ్మా."

అమ్మ లేచి కత్తెరని మళ్ళీ బీరువాలో పెట్టింది.

* * *

కాలేజీ మార్చాలంటే ముందు మా కాలేజీ నుంచి సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. అందుకని సోమవారం పొద్దున నాన్న బస్సెక్కాను. మూడో కిటికీ సీటు.

అప్పుడు గమనించాను కండక్టరు బాబాయిని. నాన్నకి ఉద్యోగంలో చేరినప్పటినుంచీ జోడీ. సీట్ల మధ్య తిరుగుతూ, చిల్లర లేనివాళ్ళని ఆటపట్టిస్తూ టికెట్లు కొట్టే మనిషి. ఆ రోజు ముందు తలుపు మెట్టు దగ్గర నిలబడి కదలడం లేదు. తల బయటికి పెట్టి, బస్సు రేకు మీద అరచేత్తో తడుతున్నాడు. ఒకసారి ఒక దెబ్బ, ఒకసారి వరసగా.

"టికెట్లు ఇక్కడికొచ్చి తీసుకోండమ్మా! కాళ్ళున్నాయిగా అందరికీ!" అని అక్కణ్ణుంచే కేకలు.

"ఏంటి బాబాయ్, బస్సుకి డోలు వాయిస్తున్నావు?" అన్నాను.

"అదా కలెక్టరమ్మా? ఇంజనుకి నిద్రొస్తోందట. లేపుతున్నా."

"ఇదివరకు లేదుగా?"

"ఇదివరకు నాకు వాయించడం రాదు," అని నవ్వి, వెంటనే బయటికి తల తిప్పి రేకు మీద గట్టిగా కొట్టాడు. బస్సు కుడికి జరిగింది. నాన్న వెనక్కి తిరిగి నవ్వలేదు. అద్దంలో నన్ను చూసే అలవాటు ఆయనకి. ఆ రోజు అద్దం వైపే చూడలేదు. మెడ బిగబట్టి నేరుగా రోడ్డుకేసి చూస్తున్నాడు, సూదిలోకి దారం ఎక్కించేవాళ్ళలా.

తిరుగు ప్రయాణంలో నాకు మగత కమ్మింది. సర్టిఫికెట్ల కవరు ఒళ్ళో పెట్టుకుని కిటికీకి తల ఆన్చాను. నాన్న బస్సులో నాకు నిద్ర రాకపోవడం అన్నది లేదు.

ఎడమ పక్క ఏదో తగిలింది.

పెద్ద చప్పుడు కాదు. ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు కాదు. మెత్తగా. బస్సు వేగం తగ్గింది. నాన్న కాలు బ్రేకు మీద పడినట్టు తెలిసింది.

"ఏం కాలేదు. పద," అన్నాడు బాబాయి. గొంతులో నవ్వు లేదు.

బస్సు ఆగలేదు. నేను లేచి వెనక అద్దంలోంచి చూశాను. దుమ్ము. ఆ దుమ్ములో మనుషులు పరిగెడుతున్నారు. మధ్యలో తెల్లగా ఏదో గాలిలోకి లేచి, పడి, మళ్ళీ లేస్తోంది. అదేంటో తెలిసేలోపు మలుపు వచ్చేసింది.

ఇంటికొచ్చాక కవరు అమ్మ చేతికిచ్చి గదిలోకి వెళ్ళాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి, పెరట్లోకి వెళ్ళిన కాసేపటికి, ఫోను మోగింది.

"ఎడమ పక్క ఒకటి తగిలింది. మెత్తగా. ఏం కాలేదు పద అన్నాడు వాడు. ఆపలేదు. వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది."

ఆ మాట విన్న చెవులు ఆ బస్సు ముందు భాగంలో ఎన్నో లేవు. మా ఇంటికి వచ్చేవి రెండే జతలు, నావీ, మరొకరివీ.

అమ్మకి చూపించలేదు. మంచం మీద కూర్చుని పాతవన్నీ మళ్ళీ చదివాను. నేను తీసేసినవి కూడా కామెంట్లతో సహా మెయిల్లో ఉన్నాయి. ఈసారి భయంతో చదవలేదు, పరీక్షకి చదివినట్టు చదివాను. ఫ్యాను కిర్రు, ఊపిరి, బల్ల అంచు, మిషను ఆగడం, అడుగుల చప్పుడు. ఎక్కడా ఒక రంగు లేదు. ఒక వెలుగు లేదు. నా దుప్పటి ఏ రంగో, అమ్మ ఏ గుడ్డ కుడుతోందో, ఒక్క ముక్క లేదు. రాసినవాడు మా ఇంటినంతా తిరిగాడు. ఏమీ చూడలేదు.

* * *

మర్నాడు నాన్నకి పొద్దుటి డ్యూటీ. భోజనాలయ్యాక అమ్మ పరదాలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. నేను నా గదిలో పక్క మీద పడుకున్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంచాను. కళ్ళు తెరిచే ఉంచాను. ఊపిరి మాత్రం నిద్రలో ఉన్నట్టు తీస్తున్నాను, ఈలతో సహా.

నడవాలో గోడ మీద అరచేయి జరుగుతున్న చప్పుడు. గరగర. ఆగింది. మళ్ళీ గరగర.

గుమ్మంలోకి వచ్చి ఆగాడు నాన్న.

ఎండ ఆయన మొహం మీద పడుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు, పిల్లలు దాగుడుమూతలప్పుడు మూసుకున్నట్టు, రెప్పలు ముడతలు పడేలా. ఒక చెయ్యి గోడ మీద. రెండో చేతిలో నా పాత ఫోను, పెదాలకి ఆనించి. మా ఇద్దరి మధ్య మంచం పొడవంత దూరం. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన నాకేసి మొహం పెట్టి నా ఊపిరి వింటున్నాడు.

"తలుపు ఇక్కడ," అని గుసగుసలాడాడు ఫోనుతో. "తను ఉంది. ఇక్కణ్ణుంచి ఎడమకి."

తిరిగి, గోడ పట్టుకుని, ఎడమకి వెళ్ళాడు. నా దిండు పక్కన ఫోను టింగుమంది.

ఆ పాత ఫోను నేనే ఇచ్చాను, కొత్తది కొనుక్కున్నప్పుడు. ఫోటోలన్నీ తుడిచేసి ఇచ్చాను. మొదటి తెర మీద పెద్ద మైకు బొమ్మ ఒకటి ఉండిపోయింది. బస్సులో నిలబడి టైపు చేయలేక, నోటితో చెబితే నేరుగా బ్లాగులోకి వెళ్ళేలా పెట్టుకున్న బొమ్మ. "ఇదేంటి?" అని నాన్న అడిగితే, "నొక్కి మాట్లాడితే రాసుకుంటుంది. పక్కన చెవి బొమ్మ నొక్కితే చదివి వినిపిస్తుంది," అన్నాను, నా కొత్త ఫోనులోంచి తల ఎత్తకుండా.

పెరట్లోకి వెళ్ళాను. నాన్న కుళాయి గట్టు మీద కూర్చున్నాడు, ఇప్పుడు కళ్ళు తెరుచుకుని. పక్కన నిలబడ్డాను. గమనించలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"లేచావా?" అన్నాడు.

"నాన్నా, ఆ మైకు బొమ్మ నొక్కితే ఫోనులో ఉండదు. అందరికీ వెళ్తుంది."

ఆయన ఫోనుని మొహానికి ఎదురుగా పట్టుకుని ఆ బొమ్మకేసి చూశాడు.

"అందరికీ అంటే?"

"చదివేవాళ్ళందరికీ."

"మీ అమ్మకి?"

"అమ్మ కూడా చదువుతోంది."

ఫోనుని ఒళ్ళోకి దించుకున్నాడు. "కత్తెర బీరువాలో పెట్టింది అందుకా?"

"అందుకే."

"పైగది కుర్రాడు?"

నేను తల ఊపాను. ఊపింది ఆయనకి కనబడిందో లేదో తెలియక, "అందుకే," అన్నాను.

కుళాయి ఇంకాస్త బిగించాడు, అది కారకపోయినా. "ఇవాళ్టికి మీ అమ్మకి చెప్పకు. నేను చెబుతాను."

"రేపు డ్యూటీకి వెళ్ళకు నాన్నా."

"రేపు మొదటి ట్రిప్పు నాదే," అన్నాడు.

* * *

తెల్లారి లేచేసరికి వంకీకి యూనిఫారం లేదు. గుమ్మంలో చెప్పులున్నాయి, బూట్లు లేవు.

"ఎంతసేపైంది వెళ్ళి?"

"ఇప్పుడే," అంది అమ్మ పాలు పొంగకుండా చూసుకుంటూ. "ఏంటా మొహం? మళ్ళీ రాశాడా వాడు?"

బాబాయికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మొదటి ట్రిప్పులో వేసవి క్లాసులకెళ్ళే పిల్లలుంటారు. కూరగాయల గంపలవాళ్ళు ఎడమ తలుపు దగ్గరే వేలాడుతుంటారు. చెప్పులు తొడుక్కుని గేటు దాకా పరిగెత్తాను. అక్కణ్ణుంచి డిపోకి నడిస్తే ఎంతసేపు పడుతుంది? బస్సు ఎక్కితే? ఏ బస్సు ఎక్కాలి?

అప్పుడు టింగుమంది.

అమ్మ వెనకే వచ్చింది, చేతిలో గరిటెతో. తెర మీద పోస్టు చూసి గోడ పట్టుకుంది. "చదువు," అంది. చెవి బొమ్మ నొక్కాను. ఎవరో ఆడమనిషి గొంతుతో, ఒక్క మాట మీదా ఒత్తు లేకుండా, యంత్రం మా నాన్న మాటలు చదవడం మొదలుపెట్టింది.

"ఇది నేనే. ఈసారి ఎక్కడికి వెళ్తుందో తెలిసే మాట్లాడుతున్నాను. డిపోలో బస్సెక్కి కూర్చున్నాను. ఇంజను వేయలేదు.

కిందటి వానాకాలం నుంచి నాకు పక్క చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. పోయింది రాదన్నాడు డాక్టరు. ఉన్నది కూడా నిలవదన్నాడు. డిపోలో కళ్ళ పరీక్ష పెట్టారు. నెగ్గాను. పరీక్షలో అక్షరాలు ఎదురుగా గోడ మీద ఉంటాయి. రోడ్డు మీద మనుషులు పక్కనుంచి వస్తారు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే నడిపాను. కండక్టరు మొదటినుంచీ వద్దంటూనే ఉన్నాడు, నేనే బతిమాలాను. అమ్మాయి చదువు ఇంకో ఏడాదే అన్నాను. అది అబద్ధం కాదు. అసలు సంగతి కూడా కాదు. ఆ సీట్లోంచి దిగితే నేనెవరినో నాకు తెలియదు. అదీ అసలు సంగతి.

ఇంట్లో కళ్ళు మూసుకుని తిరిగాను. ముందే నేర్చుకుంటే, మొత్తం పోయాక కూడా మీకు తెలియకుండా నెట్టుకురావచ్చు అనుకున్నాను. చెప్పుకున్నది మళ్ళీ విని గుర్తు పెట్టుకునేవాణ్ణి. కత్తెర సంగతి చెయ్యి తెగుతుందని. నీ గుమ్మం దగ్గర ఆగింది నీ ఊపిరి గుర్తు కోసం. అక్కణ్ణుంచి ఎడమకి తిరిగితే పెరడు. మిమ్మల్ని భయపెడుతున్నానని తెలియదు. పైగది కుర్రాడి దుకాణానికి నేనే వెళ్ళి చెబుతాను. వాడు రానంటే అది వాడిష్టం.

ఈ ఫోను నీ పాత రాతలు కూడా చదివేది. దిండు సంగతి విని నవ్వాను. మూడో కిటికీ సీటు గురించి రాసింది చాలాసార్లు విన్నాను. విని కూడా నడిపాను.

మొన్న తగిలింది దూది మూట. పరుపులు కుట్టే ఆయన బండి మీంచి పక్కకి వేలాడుతోందట. నిన్న సాయంత్రం వెళ్ళి కనుక్కున్నాను. మనిషి కాదు. మనిషైనా నాకు అంతే మెత్తగా తగిలేది. అప్పుడూ ఆపకుండానే వెళ్ళేవాణ్ణి.

మేనేజరు వస్తున్నాడు. తాళం చెవి ఇచ్చి ఇదంతా ఆయనకీ చెబుతాను. మొదటి ట్రిప్పు ఇంకెవరో తీస్తారు. అందులోనే వస్తాను, టికెట్టు తీసుకుని. నువ్వు స్టాపు దగ్గరికి రా. పక్కన నిలబడకు. ఎదురుగా నిలబడు. అక్కడైతే ఇంకా కనబడతావు."